జీతం ఎప్పుడు వదలాలి? రేచెల్ కార్సన్ లెక్క

ఉద్యోగం మానేసి ఫ్రీలాన్సర్‌గా బతకొచ్చా అనే మాట వస్తే నాకు రేచెల్ కార్సన్ గుర్తొస్తుంది.

ఆవిడ 1907లో పెన్సిల్వేనియాలోని స్ప్రింగ్‌డేల్‌లో పుట్టింది. రచయిత్రి కావాలనుకుంది, కానీ కాలేజీలో బయాలజీకి మారింది. 1932లో జాన్స్ హాప్‌కిన్స్‌లో జువాలజీలో పీజీ చేసింది. 1935లో తండ్రి, 1937లో అక్క పోయారు. తల్లి, అక్క కూతుళ్ళిద్దరి భారం ఆవిడ మీదే పడింది.

1936లో ప్రభుత్వ మత్స్యశాఖలో బయాలజిస్టుగా చేరింది. పగలు ఆఫీసు, రాత్రి రాత. 1941లో మొదటి పుస్తకం వచ్చిన కొద్ది వారాలకే పెర్ల్ హార్బర్ దాడి జరిగింది. యుద్ధం గొడవలో పుస్తకాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. జీతం ఉంది కాబట్టి ఇల్లు గడిచింది.

1951లో వచ్చిన ‘ద సీ అరౌండ్ అస్’ 86 వారాలు బెస్ట్ సెల్లర్ జాబితాలో నిలిచింది. పుస్తకాల మీద ఇల్లు నడుస్తుందని తేలాకే, 1952లో, ఆవిడ రాజీనామా చేసింది. అప్పటికి ఉద్యోగంలో 16 ఏళ్ళు!

1962లో పురుగుమందుల మీద ‘సైలెంట్ స్ప్రింగ్’ రాస్తే రసాయన కంపెనీలు విరుచుకుపడ్డాయి. నోరు మూయించడానికి పైన బాసు లేడు. ఆవిడ 1964లో కేన్సర్‌తో పోయింది. 1972లో అమెరికా పంటల మీద డీడీటీ వాడకాన్ని నిషేధించింది.

గ్రీన్‌కార్డు వచ్చాక మావారికీ సొంతంగా పని చేసుకోవాలనే కోరిక మొదలైంది. నేను వద్దనలేదు. ఆఫీసు ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్ పోతే నెలకి ఎంతవుతుందో, సాయంత్రాలు చేసే పనికి ఎంతొస్తుందో ఒక ఏడాది రాసి చూద్దామన్నాను. తొందరేముంది?