డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు: సూక్ష్మజీవినే తూకపురాయిగా చేసుకున్న శాస్త్రజ్ఞుడు

1895 జనవరి 12న భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు మూడవ ప్రయత్నంలో గాని మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణులు కాలేదు. మార్కుల పట్టిక చేతబట్టి పిల్లలపై కినుక వహించే తల్లిదండ్రులు ఈ సంగతి గమనింపదగును. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఆచార్యుని ఆగ్రహానికి గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకొనవలసి వచ్చింది.

అంతకు మించిన దెబ్బ ఇంట తగిలింది. తిన్న ఆహారాన్ని ఒంటబట్టనీయక, రక్తాన్ని క్షీణింపజేసే స్ప్రూ వ్యాధి ఆయన సోదరులిద్దరిని బలిగొన్నది.

1922లో ఆయన అమెరికా చేరి హార్వర్డులో పరిశోధన సాగించారు. 1925లో ఫిస్క్‌తో కలసి, ద్రావణంలో ఏర్పడే నీలివర్ణపు గాఢతను బట్టి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. 1940లో లెడర్లే ప్రయోగశాలలలో చేరారు.

అచ్చట కాలేయంలోని రక్తవర్ధక పదార్థాన్ని వెదకే కార్యం సాగింది. అది అత్యల్పం, త్రాసుకు అందదు. అందుకొరకు ఒక సూక్ష్మజీవిని ఆశ్రయించారు. పాలు పెరుగగుటకు తోడు ఎంత కావాలో మండికల్ ఇల్లాండ్రకు వేరుగా చెప్పనక్కరలేదు. ఆ తోడులోని జీవుల బంధువే లాక్టోబాసిల్లస్ కేసీ. ఆ పదార్థం లేనిదే అది పెరగదు. తక్కిన పోషకాలన్నీ కలిపిన పరీక్షనాళికలలో కాలేయసారపు ఒక్కొక్క భాగాన్ని చేర్చి, వెచ్చగా ఉంచుతారు. ఏ నాళికలో పెరుగుదల అధికమో ఆ భాగంలోనే పదార్థం ఉన్నట్లు. దానినే మరల విభజిస్తారు. ఇట్లు ఎన్ని మారులో! చివరకు ఫోలిక్ ఆమ్లం శుద్ధరూపంలో లభించింది. 1945లో దాని కృత్రిమ నిర్మాణాన్ని ప్రకటించిన పదహారుమంది పేర్లలో సుబ్బారావుగారిది ఏడవది. స్ప్రూ రోగులకు ఆ ఔషధం ప్రాణం పోసింది. సోదరులకు మాత్రం పాతికేళ్లు ఆలస్యమైంది.

ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డగించే అమినోప్టెరిన్ కూడ ఆయన బృందం తయారుచేసినదే. దానితో 1948లో ఫార్బర్ రక్తకేన్సరు సోకిన 16 మంది పిల్లలకు చికిత్స చేయగా 10 మందికి తాత్కాలికంగా ఉపశమనం కలిగింది.

వైరస్‌ల సంఖ్యను కణసంవర్ధనాలలో ఏర్పడే రంధ్రాలను బట్టి లెక్కించే పద్ధతి 1952లో డల్బెకో చేత వెలసింది. ఆ కణాలను పెంచే పోషకద్రావణాలలో నేటికీ ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. దానిని చూచే భాగ్యం సుబ్బారావుగారికి లేకపోయింది. స్వదేశానికి తిరిగి రాకుండగనే 1948 ఆగస్టులో, 53వ ఏట, న్యూయార్కు రాష్ట్రంలో కన్నుమూశారు. 1953లో ఒక బూజు జాతికి సుబ్బారోమైసిస్ అని నామకరణం చేశారు.