దివాను పదవి వదులుకున్న ఇంజనీరు

సెప్టెంబరు 15న మనం వ్యాకులమాత పండుగ జరుపుకుంటాం. అదే రోజు దేశమంతటా ఇంజనీర్ల దినోత్సవం. అది మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పుట్టినరోజు. 1861లో మైసూరు సీమలోని ముద్దెనహళ్లిలో జన్మించినా, ఆయన ఇంటిపేరు మన గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామానిది. పూర్వీకులు అక్కడి నుండి తరలి వెళ్లినవారే.

చిన్నతనంలోనే తండ్రి పోయారు. పిల్లలకు ట్యూషన్లు చెప్పి బెంగుళూరులో చదువుకున్నారు. తరువాత పూనాలో ఇంజనీరింగు చదువుకు మైసూరు ప్రభుత్వం విద్యార్థి వేతనం ఇచ్చింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీనితో మళ్లీ పని ఉంది.

1884లో బొంబాయి ప్రభుత్వ కొలువులో చేరి, 1908 వరకు పనిచేశారు. ఆ సెప్టెంబరులోనే హైదరాబాదును మూసీ ముంచెత్తి వేలమందిని పొట్టన పెట్టుకుంది. నిజాం ప్రభుత్వం ఆయనను పిలిపించింది. నగరంలో గట్లు ఎత్తు చేస్తే చాలదు, ఎగువనే నీటిని ఆపాలని ఆయన సూచించారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు ఆ ఆలోచనలో నుండి పుట్టినవే. మీ బంధువులెవరైనా హైదరాబాదులో ఉంటే, ఆ నీళ్లు తాగే ఉంటారు.

1912లో మైసూరు దివాను అయ్యారు. పదవి ఒప్పుకునే ముందు బంధువులందరినీ పిలిచి, ఎవరూ సిఫార్సు కోసం రాకూడదని మాట తీసుకున్నారని చెబుతారు. సిఫార్సు ఉత్తరం కోసం మా గడప తొక్కేవారికి ఈ సంగతి చెబితే చిన్నబుచ్చుకుంటారు! ఆయన హయాంలో బ్యాంకు, విశ్వవిద్యాలయం, నిర్బంధ ప్రాథమిక విద్య వచ్చాయి. కృష్ణరాజసాగరం ఆనకట్ట పని సాగింది.

అంతటివారు 1918లో ఎందుకు రాజీనామా చేశారు? అప్పట్లో మైసూరు ప్రభుత్వోద్యోగాలలో బ్రాహ్మణులదే పెద్ద వాటా. మిగతా కులాలవారికి తగిన స్థానం ఎలా కల్పించాలో చూడమని మహారాజు మిల్లర్ కమిటీని వేశారు. దివానుగారికి ఇది నచ్చలేదు. ముందు అందరికీ చదువు రావాలి, ఉద్యోగం ప్రతిభను బట్టే ఇవ్వాలి, లేకపోతే పాలన దెబ్బతింటుందని ఆయన నమ్మకం. మాట మార్చుకోలేక పదవే వదిలేశారు. 1921లో మహారాజు కమిటీ సిఫార్సులను అమలులో పెట్టారు.

ఇక్కడ నేను ఆయనతో ఏకీభవించలేను. ఎవరికి రావలసింది వారికి ఇవ్వడమే న్యాయమని పునీత తోమా అక్వినాసు వద్ద నేర్చుకున్నాం. తరతరాలుగా బడి గడప తొక్కనివ్వని వారికి రావలసింది ఎంతో, పరీక్ష మార్కులు ఒక్కటే చెప్పలేవు. ద్రాక్షతోట ఉపమానంలో సాయంత్రం దాకా నిలబడినవాడు సోమరి కాడు, అతణ్ణి పనికి పిలిచినవారు లేరు. ట్యూషన్లు చెప్పుకున్న ఆ కుర్రవాణ్ణి ప్రభుత్వ వేతనం పూనాకు పంపింది కదా! ఆ చేయూత ఇంకొందరికి అందాలంటే తప్పేముంది? అయితే ఆయనది స్వార్థం అనడానికి నాకు నోరు రాదు. నష్టపోయింది ఆయన పదవే.

తరువాత భద్రావతి ఇనుప కర్మాగారం బాధ్యత చూశారు. 1955లో భారతరత్న అందుకుని, నూరేళ్లు నిండాక 1962లో కన్నుమూశారు. భద్రావతి పనికి తనకు రావలసిన జీతాన్ని ఆయన ఇంటికి తీసుకుపోలేదు. కుర్రవాళ్లకు చేతిపనులు నేర్పే ఒక విద్యాలయం పెట్టమన్నారు. దానికి తన పేరు వద్దని, మహారాజు పేరు పెట్టించారు.