కెల్విన్ ప్రభువు

జగిత్యాలలోగాని, కోరుట్లలోగాని, సిరిసిల్లలోగాని విద్యుత్ సామగ్రి అమ్ము అంగడికి పోయి ఒక ఎల్.ఇ.డి. బల్బు కావలెనని అడిగినచో, తెల్లనిది కావలెనా, పసుపువన్నెది కావలెనా అని అంగడివాడు తిరిగి అడుగును. బల్బు పెట్టెను త్రిప్పి చూచినచో 6500 అనియో, 4000 అనియో, 2700 అనియో ఒక సంఖ్యయు, దాని ప్రక్కన 'కె' అను ఆంగ్లాక్షరపు గుర్తును కనబడును. ఆ గుర్తు ఒక మనుష్యుని పేరు. ఆయన బల్బును కనిపెట్టినవాడు కాదు. తన పేరు ఒకనాడు దీపముల వన్నెను తెలుపగలదని ఆయనకు తెలియనే తెలియదు. అయినను తన యింట గ్యాసు దీపములను మాన్పించి విద్యుద్దీపములను పెట్టించుకొనిన తొలి గృహస్థులలో ఆయన యొకడు.

విలియం థామ్సన్ 1824 జూన్ 26వ తేదీన ఐర్లండులోని బెల్‌ఫాస్టు నగరమున జన్మించెను. తండ్రి జేమ్స్ థామ్సన్ ఒక చిన్న రైతు కుమారుడు. స్వయంకృషిచే గణితము నేర్చి ఉపాధ్యాయుడైనవాడు. 1830లో తల్లి గతించెను. అప్పటినుండి బిడ్డలకు తండ్రియే తల్లి, తండ్రియే గురువు. 1832లో ఆయనకు స్కాట్లండులోని గ్లాస్గో విశ్వవిద్యాలయమున గణితాచార్య పదవి లభింపగా కుటుంబమంతయు అచ్చటికి తరలెను. 1834లో, పదియేండ్ల ప్రాయమున, విలియం ఆ విశ్వవిద్యాలయముననే విద్యార్థిగా పేరు వ్రాయించుకొనెను. ఆ కాలమున స్కాట్లండు విశ్వవిద్యాలయములు చిన్నవారిని చేర్చుకొనుట కలదు. కాని ఆ చిన్నవారందరును విలియం థామ్సన్‌లు కాలేదు.

ఫ్రెంచి గణితవేత్త ఫోరియే ఉష్ణప్రసారమును గూర్చి రచించిన గ్రంథము 1840లో ఆయన చేతికి వచ్చెను. పండితులను సైతము అలయజేయు ఆ గ్రంథమును ఆ బాలుడు పక్షము దినములలో చదివి ముగించెను. వేడిమి ఒక చోటినుండి వేరొక చోటికి ఎట్లు పోవును? ఈ ప్రశ్న నాడు మనస్సున నాటుకొని జీవితాంతము ఆయనను విడువలేదు. 1841లో కేంబ్రిడ్జిలోని పీటర్‌హౌస్ కళాశాలలో చేరి 1845లో గణితపరీక్షయందు రెండవవాడుగా ఉత్తీర్ణుడయ్యెను. పిదప పారిస్‌కు పోయి రెన్యో పండితుని ప్రయోగశాలలో ఆవిరులను, వాయువులను సూక్ష్మముగా కొలుచు విధానమును అభ్యసించెను. ఆవిరియంత్రములను గూర్చి కార్నో వ్రాసిన చిన్న పొత్తము కొఱకు ఆ నగరపు పుస్తకశాలలన్నియు తిరిగెను గాని అది అప్పుడు దొరకలేదు. 1846లో, ఇరువదిరెండవ యేట, గ్లాస్గోలో భౌతికశాస్త్రాచార్యుడయ్యెను. ఆ పీఠమును 1899 వరకు, అనగా 53 సంవత్సరములు, విడువలేదు.

ఉపాధ్యాయుడుగా ఆయన ఎట్టివాడు? ఈ విషయమున నిష్పాక్షికముగా చెప్పవలసియున్నది. పాఠము నడుమ ఏదో క్రొత్త ఊహ తోచినచో దాని వెంట పడి పోవువాడు. ముందువరుసలోని ఒకరిద్దరు మాత్రమే వెంబడింపగలిగెడివారు. సామాన్య విద్యార్థికి ఆ ఉపన్యాసములు దుర్గమములు. కాని పాత ద్రాక్షసారాయి నేలకొట్టునొకదానిని ప్రయోగశాలగా మార్చి, విద్యార్థులచేతనే కొలతలు కొలిపించి, చేతితో చేయనిది తెలిసినట్లు కాదని వారికి నేర్పినవాడు ఆయనయే. బ్రిటనులో విద్యార్థుల కొఱకు ఏర్పడిన భౌతికశాస్త్ర ప్రయోగశాలలలో అది మొట్టమొదటిదిగా ప్రసిద్ధి కెక్కెను.

ఆయన కీర్తికి మూలమైన భావము 1848లో వెలువడెను. అప్పటి ఉష్ణమాపకములలో ఒక లోపము కలదు. పాదరసముతో చేసినది ఒక విధముగను, గాలితో చేసినది వేరొక విధముగను డిగ్రీలను చూపును. ఏలయన ప్రతి పదార్థమును తనదైన తీరున వ్యాకోచించును. అట్లయినచో కొలచునది వేడిమినా, పాదరసపు స్వభావమునా? ఏ పదార్థముపైనను ఆధారపడని కొలబద్ద యొకటి కావలెనని థామ్సన్ తలచెను. కార్నో సిద్ధాంతమున అట్టి కొలబద్ద దాగియున్నదని కనుగొనెను. అంతకు మునుపు, 1847లో, ఆక్స్‌ఫర్డులో జరిగిన సభలో జౌల్ అను శాస్త్రజ్ఞుని ఉపన్యాసము వినియుండెను. వేడిమి యొక పదార్థము కాదు, శక్తి యొక్క రూపమే అని జౌల్ వాదము. థామ్సన్ దానిని వెంటనే అంగీకరింపలేదు, త్రోసివేయనును లేదు. కొన్ని యేండ్లు తర్కించి తుదకు ఒప్పుకొనెను. పిమ్మట వారిరువురును కలసి ప్రయోగములు సలిపిరి. 1854లో ఆ కొలబద్దకు ఇప్పుడు వాడుకలోనున్న రూపము ఏర్పడెను. నీరు గడ్డకట్టు స్థానమునకు సుమారు 273 సెంటిగ్రేడు డిగ్రీల దిగువన దాని సున్న. అంతకంటె చల్లదనము సృష్టిలో లేదు. ఆరోగ్యవంతుని దేహపు వేడి 37 సెంటిగ్రేడు డిగ్రీలయినచో ఆ కొలబద్దపై సుమారు 310.

అట్లాంటిక్ సముద్రగర్భమున తంతితీగను పరచిన గాథ విస్తారమైనది. ఇచ్చట సంగ్రహముగా చెప్పిన చాలును. 1858లో వేసిన తీగ, అధిక పీడనముగల విద్యుత్తును పంపిన కారణమున, కొలది వారములకే మూగవోయెను. 1865లో తీగ నడిసముద్రమున తెగెను. 1866లో కార్యము సఫలమయ్యెను. అతి స్వల్పమైన విద్యుత్ సంకేతమునైన పసిగట్టుటకు థామ్సన్ నిర్మించిన అద్దపు గాల్వనోమీటరు అందులకు ముఖ్యసాధనమైనది. ఆ సంవత్సరమే ఆయనకు సర్ బిరుదము లభించెను. ధనమును చేకూరెను. 1852లో పెండ్లాడిన మార్గరెట్ చిరకాలము వ్యాధిపీడితయై 1870లో మరణించెను. 1874లో మదీరా ద్వీపవాసిని ఫ్రాన్సెస్ బ్లాండీని ఆయన వివాహమాడెను.

1881లో పారిస్ నుండి ఫోర్ అను నతడు నిర్మించిన విద్యుత్ నిలువపెట్టె యొకటి గ్లాస్గోకు వచ్చెను. పారిస్‌లో నింపిన విద్యుత్తు స్కాట్లండువరకు చెడక వచ్చుట చూచి థామ్సన్ పసివానివలె సంతసించెను. ఆ కాలముననే స్వాన్ అను నాంగ్లేయుడు చేసిన బొగ్గుతంతువు దీపములు అమ్మకమునకు వచ్చెను. విశ్వవిద్యాలయపు ఆవరణలోని తన నివాసమున గ్యాసుకు మారుగా ఆ దీపములను థామ్సన్ అమర్పించెను. లోకమున విద్యుత్తుతో వెలిగిన మొదటి గృహములలో అది యొకటి. 1884లో పీటర్‌హౌస్ కళాశాలకు ఆరువందల యేండ్లు నిండిన సందర్భమున తాను చదివిన ఆ విద్యాలయమునకు విద్యుద్దీపములను కానుకగా నిచ్చెను. నాటి బొగ్గుతంతువు వెలుగు నేటి కన్నులకు ఎఱ్ఱనిదిగానే తోచును. ఆయన పేరిటి కొలబద్దపై అది సుమారు 2000 స్థానమున నుండును.

ఇచ్చట ఆ కొలబద్దకును వన్నెకును గల సంబంధము తెలియవలెను. కమ్మరి కొలిమిని చూచినవారికి ఇది క్రొత్త కాదు. ఇనుము కాగినకొలది మొదట కెంపువన్నె, పిదప నారింజవన్నె, తరువాత పసుపు, తుదకు తెలుపు. కాగిన వస్తువు వన్నెను చూచి దాని వేడిని చెప్పవచ్చును. కందిలి మంట సుమారు 1900 కెల్విన్. టంగ్‌స్టన్ తంతువుగల పాత బల్బు 2700. మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు 5500. మబ్బు పట్టిన ఆకాశము 6500. సంఖ్య పెరిగినకొలది వన్నె నీలిమకు సాగును. లోకవ్యవహారము మాత్రము తలక్రిందులైనది. నీలిచాయ గల తెలుపును చల్లని వెలుగనియు, పసుపును వెచ్చని వెలుగనియు జనులు పిలుచుచున్నారు. కొలిమిలో చల్లనిది ఎఱుపే. ఎల్.ఇ.డి. బల్బునందు ఏ వస్తువును 6500 వరకు కాగదు. టంగ్‌స్టన్ సైతము సుమారు 3700 వద్దనే కరగిపోవును. నీలికాంతి నిచ్చు చిన్న బిళ్లపై పసుపుపూత పూసి ఆ రెంటి మిశ్రమమున తెలుపును పుట్టింతురు. అంత వేడి వస్తువున్నచో ఇట్టి వన్నె యుండునని ఆ సంఖ్య చెప్పును, అంతియే. వెలుగు ఎంత అనునది దానివలన తెలియదు. అది ల్యూమెన్ల లెక్క. పసుపుదీపము మసక దీపమనుట ట్యూబులైట్లు వచ్చిననాటినుండి మన యిండ్లలో స్థిరపడిన అపోహ.

గాసునూనె కందిలి చుట్టు కూర్చుండి చదివిన తరమువారు ఈ ప్రాంతమున నింకను ఉన్నారు. ఇప్పటి విద్యార్థి రాత్రి పదకొండు గంటలవరకు 6500 దీపము క్రింద చదివి, వెంటనే పండుకొని, నిద్రపట్టలేదని బాధపడుచున్నాడు. నీలికాంతి పగటి వెలుగువలె దేహమును మేలుకొలుపును. నిద్రను పిలుచు మెలటోనిన్ అను స్రావమును అణచును. చదువు గదికి, వంటయింటికి 4000 సరిపోవును; పడకగదికి, పూజగదికి, వసారాకు 2700 మొదలు 3000 వరకు మేలు. సిరిసిల్లలో నూలు వన్నెలను సరిపోల్చు నేతవానికి ఇవి చాలవు. రాత్రి దీపము క్రింద ఒకే వన్నెగా కనబడిన రెండు కండెలు ఉదయపు వెలుగులో వేరువేరుగా కనబడుట కలదు. అప్పటికి బట్ట నేయబడియే యుండును, ఆ నష్టము కూలివానిపైననే పడును. అట్టి చోట 5000 మొదలు 6500 వరకు గల దీపమేకాక, రంగుల యథార్థతను తెలుపు సి.ఆర్.ఐ. అను సంఖ్య 90కి తక్కువ కానిది కావలెను. జగిత్యాలలో మామిడిపండు చాయను, కోరుట్లలో పసుపుకొమ్ము చాయను చూచి వెలకట్టువారికిని ఇదియే వర్తించును.

1890లో నయాగరా జలపాతమునుండి విద్యుత్తు తీయు ఉపాయములను పరిశీలించుటకు లండనులో ఏర్పడిన అంతర్జాతీయ సంఘమునకు థామ్సన్ అధ్యక్షుడు. ఏకముఖ విద్యుత్తే మేలని ఆయన పట్టుబట్టెను. 1893లో నిర్వాహకులు ఆయన మాటను కాదని ఏకాంతర విద్యుత్తునే ఎన్నుకొనిరి. 1896లో బఫెలో నగరమునకు ఆ విద్యుత్తు చేరెను. మరుసటి యేడు ఆయనయే పోయి ఆ యంత్రములను చూచి మెచ్చుకొనెను. 1970లో స్థాపితమైన సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘము పల్లెపల్లెకు, మగ్గము మగ్గమునకు చేర్చినదియు ఆయన వలదన్న విద్యుత్తే. కాని వింత యేమనగా, ఎల్.ఇ.డి. బల్బు లోపలి చిన్న పరికరము ఆ విద్యుత్తును మరల ఏకముఖముగా మార్చినగాని దీపము వెలుగదు.

1892లో ఆయనకు ప్రభుపదవి లభించెను. విశ్వవిద్యాలయము ప్రక్కన ప్రవహించు కెల్విన్ అను చిన్న యేటి పేరును తన పేరుగా గ్రహించెను. ఆ యేటి పేరే మన బల్బు పెట్టెలవరకు వచ్చినది. 1896లో జగదీశ చంద్ర బోసు ఇంగ్లండులో తన ప్రయోగములను చూపినపుడు మనసార మెచ్చుకొనినవారిలో ఈ వృద్ధుడును ఉండెను.

భూమి వయస్సు విషయమున ఆయన పట్టుదల శాస్త్రమునకు మేలు చేయలేదు. భూమి చల్లారుటకు పట్టిన కాలమును లెక్కించి 1862లో రెండు కోట్ల నుండి నలువది కోట్ల యేండ్లని చెప్పెను. 1897 నాటికి రెండు నుండి నాలుగు కోట్లకు తగ్గించెను. డార్విన్‌ను ఈ లెక్క మిక్కిలి కలతపెట్టెను. రేడియోధార్మికత బయల్పడిన తరువాతను ఆయన దిగిరాలేదు. అసలు వయస్సు సుమారు 450 కోట్ల యేండ్లు. జౌల్ వాదమును కొన్ని యేండ్లు తర్కించి ఒప్పుకొనిన యువకుడు ఈ ముదుసలియందు కానరాడు.

1900 ఏప్రిల్‌లో లండనులో చేసిన ఉపన్యాసమున ఉష్ణకాంతి సిద్ధాంతముపై రెండు మేఘములు క్రమ్మియున్నవని ఆయన చెప్పెను. ఆ సంవత్సరము డిసెంబరులోనే బెర్లినులో ప్లాంక్, కాగిన వస్తువు కాంతిని లెక్కకట్టు సూత్రమునకు ఉపపత్తిని చూపెను. ఏ వేడికి ఏ వన్నె అనునది నేడు ఆ సూత్రమునుబట్టియే నిర్ణయింతురు. ఆ రెండవ మేఘమునుండి కురిసిన వాన ఎంతటిదో కెల్విన్ చూడలేదు.

1899లో ఉద్యోగమును విడిచిన దినములలోనే, డెబ్బదియైదేండ్ల వయస్సున, తన విశ్వవిద్యాలయముననే పరిశోధక విద్యార్థిగా మరల పేరు వ్రాయించుకొనెను. 1907 డిసెంబరు 17న లార్గ్స్ పట్టణమునందలి తన నెదర్‌హాల్ భవనమున కన్నుమూసెను. వెస్ట్‌మినిస్టర్ దేవాలయమున న్యూటను సమాధి చెంత ఆయనను ఖననము చేసిరి.

ఉష్ణోగ్రతా మానమును ఒకే స్థిరబిందువుపై నిలుపుట మేలని ఆయన 1854లో సూచించియుండెను. సరిగా నూరేండ్లకు, 1954లో, అంతర్జాతీయ తూనికల కొలతల మహాసభ దానిని అంగీకరించి, నీరు, మంచు, ఆవిరి మూడును కలసియుండు స్థితిని 273.16గా నిర్ణయించెను. 1967లో డిగ్రీ అను మాటను తొలగించి ఆ ప్రమాణమునకు కేవలము కెల్విన్ అని పేరు పెట్టెను. 2019 మే 20 నుండి నీటి ఆధారమును సైతము విడిచి, బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకముపై దానిని నిలిపిరి.