ఇవాన్ పావ్లోవ్

ఇవాన్ పెత్రోవిచ్ పావ్లోవ్ (సెప్టెంబరు 26, 1849 - ఫిబ్రవరి 27, 1936) రష్యా దేశానికి చెందిన సుప్రసిద్ధ శరీరధర్మ శాస్త్రవేత్త. జీర్ణగ్రంథుల పనితీరుపై చేసిన పరిశోధనలకు గాను 1904లో వైద్యశాస్త్రములో నోబెల్ బహుమతి పొందాడు. ఈ బహుమతిని అందుకొన్న మొట్టమొదటి రష్యన్ ఇతడే. కుక్కకు ఏ ఆహారము పెట్టినప్పుడు ఎంత రసము స్రవించును, పెట్టక మునుపే నోరూరుట దేనివలన అను ప్రశ్నలను దశాబ్దాల పాటు పరిశీలించి, అభ్యసనమునకు సంబంధించిన శాస్త్రీయ నిబంధన సిద్ధాంతమునకు పునాది వేశాడు. నేడు కుక్కలకు తాయిలము చూపి శిక్షణ ఇచ్చు పద్ధతులకు కూడా ఇతని పరిశోధనలు ఒక ముఖ్యమైన ఆధారము.

బాల్యము, విద్యాభ్యాసము

పావ్లోవ్ మాస్కోకు ఆగ్నేయముగా ఉన్న ర్యజాన్ పట్టణములో జన్మించాడు. తండ్రి ప్యోతర్ ద్మిత్రియెవిచ్ రష్యన్ ఆర్థొడాక్స్ చర్చిలో మతాచార్యుడు. తల్లి వర్వారా ఇవనోవ్నా. పెద్ద కుటుంబములో ఇతడే మొదటి సంతానము. చిన్నతనములో ఎత్తైన చోటినుండి రాతినేలపై పడి తీవ్రముగా గాయపడుట చేత పదకొండవ ఏటగాని బడిలో చేరలేకపోయాడు. ఆ మధ్యకాలములో తోటపనిలోను, ఇంటిపనులలోను తండ్రికి తోడుగా ఉండేవాడు. తోటపనిపై మక్కువ అతనిని జీవితాంతము వీడలేదు.

తండ్రి వలె మతాచార్యుడు కావలెనని ర్యజాన్ లోని వేదాంత పాఠశాలలో చేరాడు. అయితే ఆ రోజులలో రష్యన్ యువతను ఆకర్షించిన విమర్శకుడు పీసరెవ్ వ్యాసములు, శరీరధర్మ శాస్త్రవేత్త సేచెనోవ్ 1863లో ప్రచురించిన మెదడు ప్రతిచర్యల గ్రంథము అతని మనసును మార్చివేశాయి. 1870లో వేదాంత విద్యను పూర్తి చేయకుండానే వదలి సెయింట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయములో ప్రకృతి శాస్త్రములు చదువుటకు చేరాడు. అక్కడ ఇల్యా త్సియోన్ అను ఆచార్యుని వద్ద శస్త్రచికిత్సా నైపుణ్యము అలవరచుకొన్నాడు. క్లోమమునకు సంబంధించిన నాడులపై చేసిన పరిశీలనకు విద్యార్థి దశలోనే బంగారు పతకము లభించింది. 1875లో పట్టము పొందిన తరువాత వైద్యవిద్య అభ్యసించి 1879లో పూర్తి చేశాడు. 1883లో గుండెకు పోవు నాడులపై డాక్టరేటు సిద్ధాంత గ్రంథము సమర్పించాడు. 1884 నుండి 1886 వరకు జర్మనీలో కార్ల్ లుడ్విగ్, హైడెన్‌హైన్ అను ప్రసిద్ధ శాస్త్రవేత్తల ప్రయోగశాలలలో పనిచేశాడు.

కుటుంబము, పేదరికము

1881లో సెరఫీమా కర్చేవ్‌స్కయాను వివాహమాడాడు. ఆమె ఉపాధ్యాయ వృత్తికై చదువుకొన్న యువతి. తొలి సంవత్సరములలో ఈ దంపతులు తీవ్రమైన ఇబ్బందులు పడ్డారు. కొంతకాలము ఇంటి అద్దె కట్టలేక వేరువేరుగా కూడా ఉండవలసి వచ్చింది. మొదటి బిడ్డ పసితనములోనే మరణించాడు. ఇంత కష్టములోను ప్రసిద్ధ వైద్యుడు బోత్కిన్ చికిత్సాలయమునకు అనుబంధముగా ఉన్న చిన్న ప్రయోగశాలలో పావ్లోవ్ తన పని కొనసాగించాడు. 1890లో సైనిక వైద్య అకాడమీలో ఆచార్య పదవి లభించిన తరువాతనే కుటుంబము కుదుటపడింది. 1891లో నూతనముగా స్థాపింపబడిన ప్రయోగాత్మక వైద్య సంస్థలో శరీరధర్మ శాస్త్ర విభాగమును నెలకొల్పు బాధ్యత స్వీకరించి, చివరివరకు దానికి అధిపతిగా ఉన్నాడు.

జీర్ణక్రియపై పరిశోధనలు

అంతకుముందు జీర్ణావయవములను పరిశీలించువారు సాధారణముగా మత్తులో ఉన్న, లేదా శస్త్రచికిత్సతో కుంగిపోయిన జంతువులపై ప్రయోగములు చేసేవారు. అటువంటి స్థితిలో కనిపించునది సహజమైన జీర్ణక్రియ కాదని పావ్లోవ్ భావించాడు. కుక్కకు మత్తు ఇచ్చి, శుభ్రమైన గదిలో శస్త్రచికిత్స చేసి, గాయము పూర్తిగా మానిన తరువాత, అది ఆరోగ్యముగా తిరుగుతూ తింటూ ఉండగా నెలల తరబడి పరిశీలించుట అతని పద్ధతి.

ఈ పద్ధతిలో రెండు ప్రయోగములు ముఖ్యమైనవి. మొదటిది ఉత్తుత్తి భోజనము. 1889 ప్రాంతములో షూమొవా-సిమనోవ్‌స్కయా అను పరిశోధకురాలితో కలిసి దీనిని చేశాడు. కుక్క అన్నవాహికను మెడ వద్ద కత్తిరించి చర్మమునకు కుట్టినందున, అది నమలి మింగిన మాంసము కడుపులోనికి పోక మెడ వద్దనే బయటకు వచ్చేది. కడుపులో ఒక్క మెతుకు పడకపోయినను కొద్ది నిమిషములలోనే జఠరరసము ధారాళముగా స్రవించింది. మెదడు నుండి కడుపునకు పోవు వేగస్ నాడులను కత్తిరించినప్పుడు ఈ స్రావము ఆగిపోయింది. దీనినిబట్టి తినవలెనన్న కోరికయే నాడుల ద్వారా రసమును ఊరించునని తేలింది.

రెండవది చిన్న కడుపు ప్రయోగము. కడుపులో కొంత భాగమును నాడులు తెగకుండా వేరుచేసి సంచివలె కుట్టి, దాని మూతిని బయటకు తెరిచాడు. పెద్ద కడుపులో ఆహారము అరుగుతుండగా, ఈ సంచినుండి స్వచ్ఛమైన రసమును గంటగంటకు కొలుచుటకు వీలయింది. 1894లో ఈ శస్త్రచికిత్స విజయవంతమైన మొదటి కుక్క పేరు ద్రుజోక్. రష్యన్ భాషలో ఈ పదమునకు చిన్న నేస్తము అని అర్థము.

ఏ ఆహారమునకు ఏ రసము

ఈ కుక్కలకు మాంసము, రొట్టె, పాలు వేరువేరుగా పెట్టి స్రావమును కొలిచారు. రొట్టెకు స్రవించిన జఠరరసములో జీర్ణశక్తి అన్నిటికన్న హెచ్చుగా ఉన్నది. పాలకు వచ్చిన రసము ఈ విషయములో బలహీనమైనది. మాంసమునకు రసము తొలి గంటలలోనే విస్తారముగా వచ్చింది, పాలకు కొంత ఆలస్యముగా హెచ్చింది.

లాలాజల గ్రంథుల విషయములోను ఇటువంటి భేదములే కనబడ్డాయి. తడి మాంసము కంటె పొడి మాంసమునకు, రస్కు పొడికి ఎక్కువ లాలాజలము ఊరింది. తినదగిన పదార్థములకు జిగురుగా ఉండు లాలాజలము రాగా, నోట ఇసుక పోసినప్పుడు దానిని కడిగివేయుటకు పలుచని నీటివంటి లాలాజలము వచ్చింది. నున్నటి గులకరాళ్ళను కుక్క నోటితోనే ఉమ్మివేసింది గనుక వాటికి దాదాపు ఏమియు ఊరలేదు.

రొట్టెను కుక్క గమనించకుండా నేరుగా కడుపులోనికి పంపినప్పుడు చాలాసేపటి వరకు రసము స్రవించలేదు. అదే రొట్టెను ఇష్టముగా తిన్నప్పుడు వెంటనే స్రవించింది. ఆహారపు విలువ దానిలోని పదార్థముల మీదనే గాక, తినువారి ఆకలి మీద, అభిరుచి మీద కూడా ఆధారపడునని పావ్లోవ్ నిర్ణయించాడు. ఈ విషయములన్నిటిని 1897లో ప్రచురించిన జీర్ణగ్రంథుల ఉపన్యాస గ్రంథములో వివరించాడు.

ఉత్తుత్తి భోజనము ద్వారా సేకరించిన కుక్కల జఠరరసమును వడపోసి అజీర్ణ రోగులకు మందుగా కూడా అమ్మేవారు. ఏటా వేల సీసాలు అమ్ముడుపోయి, ప్రయోగశాల ఖర్చులకు చెప్పుకోదగిన ఆదాయము సమకూరింది.

ఒక పొరపాటు

జీర్ణక్రియ అంతయు నాడుల అధీనములోనే ఉన్నదని పావ్లోవ్ నమ్మాడు. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అను శాస్త్రవేత్తలు క్లోమమునకు పోవు నాడులను తొలగించినను, ఆంత్రమూలమునుండి రక్తములో కలియు సెక్రెటిన్ అను పదార్థము వలన క్లోమరసము స్రవించునని చూపారు. హార్మోనుల శాస్త్రమునకు ఇది ఆరంభము. పావ్లోవ్ తన ప్రయోగశాలలో ఆ ప్రయోగమును తిరిగి చేయించి, ఫలితము సరియైనదని అంగీకరించాడు. నోబెల్ బహుమతి రాకమునుపే తన సిద్ధాంతములో ఒక ముఖ్యభాగమును సవరించుకొనవలసి వచ్చింది.

నిబంధిత ప్రతిచర్యలు

ఆహారము నోట పడకముందే, దానిని చూసినంతనే, గిన్నె చప్పుడు లేదా తెచ్చువాని అడుగుల సవ్వడి విన్నంతనే కుక్కలకు లాలాజలము ఊరుట కొలతలకు అడ్డుగా ఉండేది. ఇది పెంపుడు కుక్క ఉన్న ప్రతి ఇంటివారికి తెలిసినదే. పావ్లోవ్ దీనినే పరిశోధనాంశముగా స్వీకరించాడు. 1903లో మాడ్రిడ్ నగరములో జరిగిన అంతర్జాతీయ వైద్య మహాసభలో ఈ విషయమును ప్రకటించాడు. మరుసటి సంవత్సరము నోబెల్ ఉపన్యాసములోను దీనిని ప్రస్తావించాడు.

మెట్రొనోమ్ టక్ టక్ శబ్దము, దీపపు వెలుగు, చర్మముపై తాకిడి వంటి సంకేతమునిచ్చి, వెనువెంటనే మాంసము, రస్కు కలిపిన పొడి పెట్టేవారు. కొన్ని పర్యాయములు ఇట్లు చేసిన తరువాత సంకేతమునకే లాలాజలము ఊరేది. పాఠ్యపుస్తకములలో పావ్లోవ్ పేరు చెప్పగానే గంట గుర్తుకు వచ్చును గాని, గంట అతని ముఖ్య సాధనము కాదు.

మన మనోవిజ్ఞాన గ్రంథములలో ఆహారమును నిర్నిబంధిత ఉద్దీపన అని, సంకేతమును నిబంధిత ఉద్దీపన అని అంటారు. పావ్లోవ్ గుర్తించిన ముఖ్య విషయములు:

* సంకేతము ముందు, ఆహారము వెనుక రావలెను. ఈ క్రమము తిరగబడినచో నిబంధనము సరిగా ఏర్పడదు.
* సంకేతము ఇచ్చి ఆహారము పెట్టకుండా పదేపదే చేసినచో ప్రతిచర్య క్షీణించును. దీనిని విరమణ అంటారు.
* కొంత విరామము తరువాత అది తనంతట తానే తిరిగి కనబడును. ఇది అయత్నసిద్ధ స్వాస్థ్యము.
* ఒక శబ్దమునకు అలవాటు పడిన కుక్క దానిని పోలిన శబ్దములకు కూడా స్పందించును. ఇది సామాన్యీకరణము. వాటిలో ఒకదానికి మాత్రమే ఆహారము పెట్టినచో భేదమును గుర్తించుట నేర్చును. ఇది విచక్షణ.
* కడుపు నిండిన కుక్కలో ఆహార ప్రతిచర్యలు బలహీనపడును.

విచక్షణకు సంబంధించిన ఒక ప్రయోగములో వృత్తమును చూపి ఆహారము పెట్టి, దీర్ఘవృత్తమును చూపినప్పుడు పెట్టలేదు. దీర్ఘవృత్తమును క్రమముగా వృత్తమునకు దగ్గరగా మార్చుచు పోగా, భేదము గుర్తించలేని దశలో, అంతవరకు నెమ్మదిగా ఉన్న కుక్క అరచుచు, పెనుగులాడుచు, కట్లు కొరికింది. నేర్చుకొన్న సులభ విషయములు కూడా మరచిపోయింది. దీనిని ప్రయోగాత్మక న్యూరోసిస్ అన్నారు.

విప్లవము, కరవు, వరద

1917 విప్లవము తరువాత పెట్రోగ్రాడ్ నగరము కరవుతో అల్లాడింది. ప్రయోగశాల కుక్కలు అనేకము ఆకలితో మరణించాయి. పావ్లోవ్ తన కూరగాయలు తానే పండించుకొన్నాడు. దేశము వదలిపోవుటకు అనుమతి కోరగా, 1921 జనవరిలో లెనిన్ సంతకముతో అతనికి, అతని సహచరులకు ప్రత్యేక సదుపాయములు కల్పిస్తూ ఉత్తర్వు వెలువడింది. సదుపాయములు స్వీకరించినను పావ్లోవ్ ప్రభుత్వ విధానములను బహిరంగముగా విమర్శించాడు. 1930లలో అమాయకుల నిర్బంధములను నిరసిస్తూ ప్రభుత్వమునకు లేఖలు వ్రాశాడు.

1924 సెప్టెంబరులో లెనిన్‌గ్రాడ్‌ను వరద ముంచెత్తినప్పుడు బోనులలో నీరు నిండగా, సిబ్బంది కుక్కలను ఈదించి బయటకు తెచ్చారు. తరువాత కొన్ని కుక్కలు తాము నేర్చినది మరచినట్లు, తలుపు కింద నీరు పారించినంతనే తిరిగి కలత చెందినట్లు గమనించి, పావ్లోవ్ మానసిక ఆఘాతములపై కూడా దృష్టి సారించాడు.

కుక్కల ఋణము

ఈ ప్రయోగములలో అనేక కుక్కలు శాశ్వతమైన శస్త్రచికిత్సలకు గురై, మరికొన్ని ప్రాణములు కోల్పోయాయి. జంతు సంరక్షణ వాదులు ఆనాడే అభ్యంతరము తెలిపారు. జంతువులపై ప్రయోగము లేనిదే వైద్యము ముందుకు సాగదని పావ్లోవ్ వాదించాడు. అయితే ప్రాణికి బాధ కలిగించుట తనకును బాధాకరమేనని ఒప్పుకొన్నాడు. ఇటువంటి అనేక శస్త్రచికిత్సలకు నేటి జంతుప్రయోగ నియమములు సులభముగా అనుమతించవు. 1935లో లెనిన్‌గ్రాడ్‌లోని ప్రయోగాత్మక వైద్య సంస్థ తోటలో, పావ్లోవ్ సూచన మేరకు, కుక్క స్మారక విగ్రహము నెలకొల్పబడింది. శిల్పి బెజ్‌పాలొవ్.

తాయిలముతో శిక్షణ

పావ్లోవ్ స్వయముగా పెంపుడు కుక్కల శిక్షకుడు కాడు. చేసిన పనికి ప్రతిఫలము లభించినచో ఆ పని బలపడునను సూత్రము థార్న్‌డైక్, స్కిన్నర్ అను అమెరికన్ శాస్త్రవేత్తలది. 1940లలో స్కిన్నర్ శిష్యులైన బ్రెలాండ్ దంపతులు ఆహారమునకు ముందు చిన్న శబ్దమును సంకేతముగా వాడి జంతువులకు శిక్షణ ఇచ్చారు. నేటి క్లిక్కరు పద్ధతికి ఇదే మూలము. ఆ శబ్దమునకు విలువ కలుగుట మాత్రము పావ్లోవ్ చెప్పిన నిబంధనము వలననే.

తాయిలమును ఎన్నుకొనుటలో నేడు పాటించు నియమములకు, పై పరిశోధనలకు పొంతన కలదు. యజమానికి నచ్చినది గాక ఆ కుక్క ఇష్టపడునది ఎన్నుకొనవలెను. కడుపు నిండినచో ఆసక్తి తగ్గును గనుక ముక్కలు చిన్నవిగా ఉండవలెను. సంకేతము ఇచ్చిన వెంటనే తాయిలము పెట్టవలెను, వట్టి సంకేతములతో పదేపదే మోసగించరాదు. కుక్క ఇష్టముగా తినునదంతయు దానికి మేలు చేయదు. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, జైలిటాల్ అను తీపి పదార్థము కుక్కలకు హానికరములని నేటి పశువైద్యము హెచ్చరించుచున్నది.

చివరి రోజులు

1935 ఆగస్టులో లెనిన్‌గ్రాడ్, మాస్కోలలో జరిగిన అంతర్జాతీయ శరీరధర్మ శాస్త్ర మహాసభకు పావ్లోవ్ అధ్యక్షత వహించాడు. 1936 ఫిబ్రవరి 27న న్యుమోనియాతో లెనిన్‌గ్రాడ్‌లో మరణించాడు. అప్పటికి అతని వయస్సు 86 సంవత్సరములు. ఆ నగరములోని వోల్కొవో శ్మశానవాటికలో సమాధి చేయబడ్డాడు. ర్యజాన్‌లో అతడు పెరిగిన ఇల్లు స్మారక మ్యూజియముగా మార్చబడింది.

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో ఉపాధ్యాయ శిక్షణ పొందు విద్యార్థులు అభ్యసన సిద్ధాంతములలో భాగముగా పావ్లోవ్ ప్రయోగమును చదువుచున్నారు. బడి అనగానే భయపడు పిల్లవానికి, బడి అనగానే ఉత్సాహపడు పిల్లవానికి గల తేడాను వివరించుటకు ఈ సిద్ధాంతము ఉపకరించును.