తెరకు తొలి నీడనిచ్చిన బందరు బిడ్డ రఘుపతి వెంకయ్య

మచిలీపట్నం: ఆయన పేరిట ఇచ్చే పురస్కారం ఎవరిని వరించిందో పత్రికల్లో చదివి ఆనందించిన వారు ఎందరో. ఆ పేరు గల మహనీయుడు మన బందరులో జన్మించాడని, మద్రాసు మహానగరంలో మూడు సినిమా హాళ్లను నిలబెట్టాడని, చివరకు ఆ మూడింటినీ పోగొట్టుకున్నాడని ఎరిగినవారు మాత్రం కొందరే. తెలుగు చలనచిత్ర పితామహునిగా కీర్తింపబడే రఘుపతి వెంకయ్య నాయుడు జీవితం, ఒకనాటి మద్రాసు శివారున వెలసిన ఒక పాత సినిమా హాలు కథతో విడదీయరానంతగా పెనవేసుకుని ఉంది.

స్టూడియో తాకట్టు పెట్టి...

వెంకయ్య 1869 అక్టోబరు 15న మచిలీపట్నంలో జన్మించారు. పూర్వీకులు సైనికోద్యోగులు. ఆయన మనసు మాత్రం కత్తి మీద గాక కెమెరా మీదకు మళ్లింది. యౌవనంలోనే మద్రాసు చేరి ఫొటోగ్రఫీని వృత్తిగా స్వీకరించి, మౌంట్ రోడ్డులో స్టూడియో నెలకొల్పి మంచి పేరు గడించారు. సంసారం సాఫీగా సాగిపోతున్న ఆ దశలో, కదిలే బొమ్మలకు శబ్దాన్ని జతపరచే క్రోనోమెగాఫోన్ అనే యంత్రం గురించి ఆయనకు తెలిసింది. గ్రామఫోన్ పళ్లెం మీద మోగే పాటకు అనుగుణంగా తెరపై బొమ్మ కదలడం ఆ యంత్రం ప్రత్యేకత. దాని ఖరీదు 30 వేల రూపాయలు. నాటి రోజుల్లో అది ఒక జమీందారు సైతం ఆలోచించవలసిన మొత్తం. వెంకయ్య తన జీవనాధారమైన స్టూడియోను తాకట్టు పెట్టి 1909-10 ప్రాంతంలో ఆ యంత్రాన్ని తెప్పించారు.

మద్రాసులోని విక్టోరియా పబ్లిక్ హాలులో 1910లో ప్రదర్శనలు మొదలయ్యాయి. జనం విరగబడి వచ్చారు. అనంతరం ఆయన యంత్రాన్ని, గుడారాన్ని వెంటబెట్టుకుని ఊరూరా తిరిగారు. బెంగళూరు, విజయవాడ వంటి పట్టణాలే గాక, సముద్రం దాటి సింహళం, బర్మా దేశాల్లోనూ ప్రదర్శనలు గావించారు. తెలుగువారిలో ఎందరో తొలిసారిగా కదిలే బొమ్మను చూసింది ఆ గుడారం నీడలోనే.

గుడారం నుంచి హాలుకు

గుడారానికి గాలివానే శత్రువు. వాన కురిస్తే ఆట ఆగిపోవలసిందే. ఒకచోట స్థిరంగా ఉండే హాలు ఉంటేనే ప్రేక్షకుడు కుటుంబంతో సహా వస్తాడని వెంకయ్య గ్రహించారు. అప్పటికి మద్రాసులో ఎలక్ట్రిక్ థియేటర్ వంటి హాళ్లు ఐరోపా వారి చేతుల్లో ఉండేవి. ఆ పరిస్థితిలో 1914 నాటికి మౌంట్ రోడ్డు చెంతన గెయిటీ థియేటర్‌ను ఆయన నిర్మించారు. మద్రాసులో ఒక భారతీయుడు కట్టించిన తొలి శాశ్వత సినిమా హాలుగా అది చరిత్రకెక్కింది.

గెయిటీ విజయంతో ఉత్సాహం పొంది మింట్ వీధిలో క్రౌన్, పురసవాక్కంలో గ్లోబ్ హాళ్లను కట్టించారు. పురసవాక్కం అప్పటికి నగర శివారు. మౌంట్ రోడ్డు దాకా రాలేని సామాన్య జనం ముంగిటకే వినోదాన్ని చేర్చాలన్న ఆలోచన అందులో కనిపిస్తుంది. ఆ రోజుల్లో తెరపై ఆడినవి మూకీలు. అమెరికా నుంచి దిగుమతి అయిన సాహస ధారావాహిక చిత్రాలు వారం వారం ఒక్కో భాగం చొప్పున ఆడేవి. వచ్చే వారం ఏమవుతుందోనన్న ఉత్కంఠ ప్రేక్షకుణ్ణి మళ్లీ హాలుకు రప్పించేది. తెరపై పడే ఇంగ్లీషు అక్షరాలు చదవలేని వారి కోసం తెర పక్కన వ్యాఖ్యాత నిలబడి కథ వినిపించడం దక్షిణాదిన నాటి ఆనవాయితీ.

కుమారుని చదువు, తండ్రి అప్పు

ఇతరులు తీసిన చిత్రాలను ప్రదర్శించడంతో వెంకయ్య తృప్తి చెందలేదు. మన కథలను మనమే చిత్రించాలని సంకల్పించి, కుమారుడు రఘుపతి సూర్యప్రకాశ్‌ను చలనచిత్ర విద్య అభ్యసించేందుకు విదేశాలకు పంపారు. ఇంగ్లండ్, జర్మనీ, అమెరికాలలో మెలకువలు నేర్చి కుమారుడు తిరిగి వచ్చాక 1921లో స్టార్ ఆఫ్ ది ఈస్ట్ సంస్థ ఏర్పడింది. ఎండ వెలుతురే దీపంగా పనిచేసే గాజు స్టూడియో పురసవాక్కం ప్రాంతంలో వెలసింది. అక్కడ రూపొందినదే తెలుగువారు తీసిన తొలి మూకీ చిత్రం ‘భీష్మ ప్రతిజ్ఞ’. ప్రకాశ్ దానికి దర్శకత్వం వహించడమే గాక భీష్మ పాత్రను ధరించారు. ఉత్తరకాలంలో ‘లవకుశ’ తీసిన కాకినాడ వాసి సి.పుల్లయ్య ఆయన వద్దే ఓనమాలు దిద్దుకున్నారు.

అయితే చిత్ర నిర్మాణం పెట్టుబడిని మింగివేసింది. హాళ్ల మీద వచ్చిన రాబడి చిత్రాలకు, చిత్రాల మీద పేరుకున్న అప్పు మళ్లీ హాళ్లకు చుట్టుకుంది. ఎంతో శ్రమకోర్చి నిలబెట్టిన గెయిటీ, క్రౌన్, గ్లోబ్ ఒకదాని తరువాత ఒకటి పరుల వశమయ్యాయి. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో విడుదలై, ఊరూరా సినిమా హాళ్లు వెలుస్తున్న కాలానికి, ఆ దారి వేసిన వెంకయ్య చేతిలో ఒక్క హాలూ మిగలలేదు. 1941 మార్చి 15న ఆయన కన్నుమూశారు.

పేరు మిగిలింది, గోడలు మిగల్లేదు

గ్లోబ్ కాలక్రమంలో రాక్సీగా పేరు మార్చుకుని పురసవాక్కం వాసులను దశాబ్దాల పాటు అలరించింది. గెయిటీ 2000 దశకం దాకా నడిచింది. నేడు ఆ రెండు హాళ్లూ లేవు. ఆ కట్టడాలతో పాటు ఒక తరం జ్ఞాపకాలూ కనుమరుగయ్యాయి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1980లో రఘుపతి వెంకయ్య పురస్కారాన్ని నెలకొల్పి, తొలిసారి ఎల్.వి.ప్రసాద్‌కు అందజేసింది. 2019లో ఆయన జీవితం ఆధారంగా నరేశ్ ప్రధాన పాత్రలో ఒక చిత్రం వచ్చింది. జీవించి ఉండగా హాళ్లను నిలుపుకోలేకపోయిన మనిషి, మరణానంతరం పరిశ్రమలోని మహామహుల చేతుల్లో పురస్కారమై నిలిచాడు. ఫొటో స్టూడియోతో సుఖంగా బతికే అవకాశం ఉన్నా, సర్వస్వాన్నీ తెర కోసం పణంగా పెట్టిన ఈ బందరు బిడ్డ కథ జిల్లాలోని ప్రతి విద్యార్థికీ తెలియవలసి ఉంది. సినిమా హాలులో దీపాలు ఆరి తెర వెలిగే క్షణాన ఒక్కసారి ఆయనను స్మరించుకోగలిగితే అదే నిజమైన నివాళి.