నలుగురిలో నోరు విప్పిన దుర్గాబాయి

మన దేశం గర్వించదగ్గ మహిళల్లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఒకరు. ఈమె 1909వ సంవత్సరం జూలై 15న రాజమండ్రిలో పుట్టింది. తండ్రి పేరు రామారావు, తల్లి పేరు కృష్ణవేణమ్మ. వీళ్ళు కాకినాడలో ఉండేవాళ్ళు. ఆ రోజుల్లో ఆడపిల్లలకి చిన్నప్పుడే పెళ్ళి చేసేవాళ్ళు కాబట్టి దుర్గకి కూడా ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేసేశారు.

ఈమె లాయరు అయ్యింది, రాజ్యాంగం రాసిన సభలో మాట్లాడింది, ఎన్నో సంస్థలు పెట్టింది అని మనం సోషల్ పుస్తకంలో చదువుతాం. కానీ అంతమంది ముందు నిలబడి మాట్లాడటం ఎట్లా వచ్చింది అనేది పుస్తకంలో ఉండదు. మన క్లాసులో చాలామందికి ఆ సంగతే కావాలి. టీచర్ లేచి చెప్పమంటే తెలిసిన జవాబు కూడా గొంతులోనే ఆగిపోతుంది. కాళ్ళు వణుకుతాయి. అందుకే నేను దుర్గాబాయి గురించి రాస్తున్నాను.

దుర్గ బడిలో ఎక్కువ రోజులు చదవలేదు. బడిలో ఇంగ్లీషు మీడియం బలవంతంగా పెడుతున్నారని పన్నెండేళ్ళప్పుడు బడి మానేసింది. కానీ చదవటం మానలేదు. ఇంటి దగ్గరే హిందీ బాగా నేర్చుకుంది.

1921లో గాంధీగారు కాకినాడ వస్తున్నారని ఊరంతా తెలిసింది. అప్పుడు దుర్గకి ఒక ఆలోచన వచ్చింది. ఆ ఊళ్ళో దేవదాసీలు ఉండేవాళ్ళు. గుడి పేరు చెప్పి వాళ్ళని పెళ్ళి లేకుండా ఉంచేసేవాళ్ళు, అందరూ చిన్నచూపు చూసేవాళ్ళు. ముస్లిం ఆడవాళ్ళేమో పరదా వల్ల బయటికి వచ్చేవాళ్ళు కాదు. వీళ్ళిద్దరూ పెద్ద సభకి రాలేరు. గాంధీగారే వీళ్ళ దగ్గరికి వచ్చి మాట్లాడితే బాగుంటుందని దుర్గ అనుకుంది. అనుకుని ఊరుకోలేదు. సభ పెట్టే పెద్దమనుషుల దగ్గరికి వెళ్ళి అడిగింది. వాళ్ళు అయిదు వేల రూపాయలు ఇస్తే అయిదు నిమిషాలు పంపిస్తాం అన్నారు. ఆ కాలంలో అయిదు వేలంటే మామూలు మాట కాదు. చిన్నపిల్ల కదా, వెళ్ళిపోతుందిలే అనుకుని ఉంటారు. దుర్గ వెళ్ళి దేవదాసీలకి చెప్పింది. వాళ్ళు డబ్బు పోగుచేశారు.

అయిదు నిమిషాల కోసం వచ్చిన గాంధీగారు అరగంట దాటినా అక్కడే ఉండిపోయారు. ఆయన హిందీలో చెప్తుంటే అక్కడి ఆడవాళ్ళకి అర్థం కావాలి గదా. దుర్గ పక్కన నిలబడి ఆయన మాటలు తెలుగులో చెప్పింది. విని ఆ ఆడవాళ్ళు ఒంటి మీది నగలు తీసి దేశం కోసం ఇచ్చేశారు. దుర్గ కూడా తన గాజులు ఇచ్చింది.

తర్వాత పెద్ద సభ. అక్కడ వేలమంది జనం ఉన్నారు. గాంధీగారి మాటలు తెలుగులో చెప్పటానికి కొండా వెంకటప్పయ్య గారనే పెద్ద నాయకుడు సిద్ధంగా ఉన్నారు. కానీ గాంధీగారు దుర్గనే చెప్పమన్నారు. పన్నెండేళ్ళ పిల్ల వేలమంది ముందు నిలబడి చెప్పింది. ఆ తర్వాత ఆయన మిగతా ఊళ్ళు తిరిగినప్పుడు కూడా దుర్గ చేత చెప్పించారు.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఆ గాంధీగారే చిన్నతనంలో మనకంటే ఎక్కువ భయపడేవారు. 1888లో ఆయన లండన్ చదువుకి వెళ్ళేటప్పుడు స్కూలు వాళ్ళు వీడ్కోలు సభ పెడితే, కాగితం మీద రాసుకున్న నాలుగు మాటలు కూడా వణుకుతూ చదివారట. లండన్‌లో శాకాహారుల సంఘంలో చేరారు. అక్కడ ఒకసారి చెప్పాల్సింది కాగితం మీద రాసుకెళ్ళి కూడా చదవలేకపోతే వేరే ఆయన చదివారు. లాయరై బొంబాయికి వచ్చాక మొదటి కేసులో సాక్షిని ప్రశ్నలు అడగటానికి లేచారు. కళ్ళు తిరిగినట్టయ్యింది. ఒక్క ప్రశ్న కూడా రాలేదు. కూర్చుండిపోయి, తీసుకున్న 30 రూపాయల ఫీజు తిరిగి ఇచ్చేశారు. ఈ సంగతులన్నీ ఆయనే సిగ్గుపడకుండా తన ఆత్మకథలో రాసుకున్నారు.

మరి ఆ భయం ఎప్పుడు పోయింది? 1893లో దక్షిణాఫ్రికా వెళ్ళాక. అక్కడ తెల్లవాళ్ళు ఆయన్ని రైల్లోంచి దింపేశారు. అక్కడ ఉండే మనవాళ్ళందరికీ ఇట్లాంటి అవమానాలే జరుగుతున్నాయని తెలుసుకున్నారు. ప్రిటోరియా ఊళ్ళో మనవాళ్ళని ఒక ఇంట్లో పోగుచేసి మాట్లాడారు. అదే ఆయన మొదటి ఉపన్యాసం. మనం అందరం ఒక సంఘంగా ఉండి కష్టాలు చెప్పుకోవాలని చెప్పారు. ఇంగ్లీషు రానివాళ్ళకి నేర్పిస్తానని కూడా అన్నారు. ముగ్గురు వచ్చారు: ఒక మంగలి, ఒక గుమాస్తా, ఒక చిన్న దుకాణం ఆయన.

ఇది చదివాక నాకు ఒకటి అర్థమయ్యింది. కోర్టులో ఫీజు కోసం నిలబడినప్పుడు గాంధీగారికి నోరు రాలేదు. తన మనుషుల కోసం నిలబడితే వచ్చింది. దుర్గ కూడా అంతే. నేను ఎట్లా కనబడుతున్నాను, తప్పు పోతే నవ్వుతారేమో అని చూసుకోటానికి ఆమెకి టైం లేదు. గాంధీగారి మాట ఆ ఆడవాళ్ళకి చేరాలి, అంతే. ముందు ఊరి పెద్దలతో మాట్లాడింది, తర్వాత కొంతమంది ఆడవాళ్ళ ముందు చెప్పింది, ఆ తర్వాతే వేలమంది ముందుకి వచ్చింది. ఒక్కసారే ఎగిరి పై మెట్టు ఎక్కలేదు.

మన హాస్టల్‌లో కోయ మాట్లాడేవాళ్ళం ఉన్నాం, గోండి వాళ్ళున్నారు, లంబాడీ వాళ్ళున్నారు. తెలుగు మనకి బడికి వచ్చాక వచ్చిన భాష. క్లాసులో లేస్తే ముందు ఇంటి మాట వస్తుంది, తర్వాత తెలుగు వెతుక్కోవాలి. అందుకే మనకి భయం ఎక్కువ. కానీ సెలవుల్లో మనం ఏం చేస్తాం? అవ్వకి జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళి డాక్టరుకి తెలుగులో చెప్పేది మనమే. డాక్టరు చెప్పింది అవ్వకి మన భాషలో చెప్పేది మనమే. అప్పుడు కాళ్ళు వణకవు. అవ్వ నొప్పి చెప్పాలి కాబట్టి చెప్పేస్తాం. దుర్గ కాకినాడలో చేసిన పని అదే గదా. అంటే ఆ పని మనకి ముందే వచ్చు.

1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. అప్పటికి దుర్గకి 14 ఏళ్ళు, అంటే మా తొమ్మిదో తరగతి వయసు. హిందీ నేర్పటానికి ఆడపిల్లల కోసం బాలికా హిందీ పాఠశాల కూడా పెట్టిందామె. మహాసభల్లో ఖద్దరు ఎగ్జిబిషన్ దగ్గర టికెట్లు చూసే పని దుర్గకి ఇచ్చారు. నెహ్రూగారు టికెట్ లేకుండా వచ్చారు. దుర్గ లోపలికి పోనివ్వలేదు. పెద్దలు కోప్పడితే, టికెట్ లేకుండా ఎవరినీ పంపొద్దని మీరే చెప్పారు గదా అంది. వాళ్ళు టికెట్ కొన్నాకే వెళ్ళనిచ్చింది. నెహ్రూగారు కోపం తెచ్చుకోకుండా మెచ్చుకున్నారు. గట్టిగా అరవక్కర లేదు, ఉన్న మాట నెమ్మదిగా చెప్తే చాలు అని దీన్ని బట్టి తెలుస్తుంది.

దుర్గ మాట్లాడిన మాటల్లో అన్నిటికంటే కష్టమైనది ఇంట్లో మాట్లాడిన మాట అని నాకు అనిపిస్తుంది. పెద్దయ్యాక, ఎనిమిదేళ్ళప్పుడు చేసిన ఆ పెళ్ళి తనకి వద్దని, కాపురానికి వెళ్ళనని చెప్పేసింది. తండ్రి ఆమె పక్కనే నిలబడ్డారు. మనతో చదివిన వాళ్ళు కొందరు సెలవులకి వెళ్ళి మళ్ళీ రాలేదు. వాళ్ళకి పెళ్ళిళ్ళు అయిపోయాయి. ఇప్పుడు 18 ఏళ్ళు నిండకుండా పెళ్ళి చేయకూడదని చట్టం ఉంది. కానీ చట్టం ఉన్నా వద్దు అనే మాట మన నోట్లోంచి రావాలి గదా. నలుగురిలో మాట్లాడటం అంటే ఉపన్యాస పోటీలో ప్రైజు కోసమే కాదు.

1930 నుంచి 1933 లోపల దుర్గాబాయి స్వాతంత్ర్య పోరాటంలో మూడుసార్లు జైలుకి వెళ్ళింది. బయటికి వచ్చాక మళ్ళీ పుస్తకాలు పట్టుకుంది. ప్రైవేటుగా మెట్రిక్ పాసయ్యింది. వాల్తేరులో ఆంధ్ర యూనివర్సిటీకి వెళ్తే ఆడపిల్లలకి హాస్టల్ లేదు, సీటు ఇవ్వలేం అన్నారు. ఆమె వెనక్కి తిరగలేదు. హాస్టల్ లేక ఆగిపోయిన అమ్మాయిలు రండి అని పేపర్లో ప్రకటన ఇచ్చింది. కొందరు వచ్చారు. వాళ్ళతో కలిసి తనే హాస్టల్ నడిపి చదువుకుంది. 1942లో మద్రాసులో లా పాసై లాయరయ్యారు. అంతకు ముందే 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు.

1946లో రాజ్యాంగ సభ మొదలయ్యింది. అందులో ఉన్న 15 మంది మహిళల్లో దుర్గాబాయి గారు ఒకరు. అధ్యక్షుడు లేనప్పుడు సభ నడిపే వాళ్ళ పట్టికలో ఉన్న మహిళ ఆమె ఒక్కరే. రాజ్యసభకి నిలబడాలంటే 35 ఏళ్ళు ఉండాలని మొదట రాశారు. 30 చాలు అని ఆమె సవరణ పెట్టారు. ఈ రోజుకీ 30 ఏళ్ళే ఉంది. అదే సభలో మన ఆదివాసుల తరఫున జైపాల్ సింగ్ ముండా గారు లేచి మాట్లాడారు. ఆయన 1928 ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన మన హాకీ టీముకి కెప్టెన్. అడవి మనిషినని చెప్పుకోటానికి సిగ్గుపడను అన్నట్టుగా మాట్లాడారు. వీళ్ళు నోరు విప్పకపోతే రాజ్యాంగంలో మన సంగతి ఎవరు చెప్పేవాళ్ళు?

1953లో దుర్గాబాయి గారు కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి మొదటి అధ్యక్షురాలు అయ్యారు. ఆ సంవత్సరమే అప్పటి ఆర్థిక మంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్ గారిని పెళ్ళి చేసుకున్నారు. భార్యాభర్తల గొడవలకి వేరే కోర్టులు ఉండాలని చెప్పారు. 1984లో ఫ్యామిలీ కోర్టుల చట్టం వచ్చింది. అది చూడటానికి ఆమె లేరు. 1975లో పద్మవిభూషణ్ అందుకుని, 1981 మే 9న చనిపోయారు.

మన మేడిపల్లి నుంచి ఉప్పల్, హబ్సిగూడ, తార్నాక మీదుగా ఉస్మానియా యూనివర్సిటీ దాటి పోతే విద్యానగర్ దగ్గర ఆంధ్ర మహిళా సభ కాలేజీ, దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆసుపత్రి ఉన్నాయి. అటు వెళ్ళినప్పుడు బస్సులోంచి చూడండి.

మన ఊళ్ళలో ఇప్పుడు గ్రామసభలు జరుగుతున్నాయి. 1996లో వచ్చిన పెసా చట్టం, 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం గ్రామసభ మాటకి విలువ ఇచ్చాయి. అటవీ హక్కుల కమిటీలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలని కూడా ఉంది. రేపు అక్కడ మన అమ్మల పోడు భూమి గురించి లేచి చెప్పాల్సింది మనమే.

కాబట్టి అక్కలారా, చెల్లెళ్ళారా, ఒక్కసారే ప్రేయర్ స్టేజీ ఎక్కక్కర లేదు. రాత్రి స్టడీ అవర్ అయ్యాక మన రూములో నలుగురి ముందు మొదలుపెడదాం. రోజుకి ఇద్దరు లేచి ఆ రోజు పాఠం ముందు ఇంటి భాషలో, తర్వాత తెలుగులో చెప్పాలి. వినేవాళ్ళు నవ్వకూడదు, అదొక్కటే రూలు. నవ్వితే చెప్పేవాళ్ళ గొంతు మళ్ళీ మూసుకుపోతుంది. నెల తర్వాత క్లాసులో చేతులు ఎన్ని లేస్తాయో చూద్దాం.

– 9వ తరగతి విద్యార్థిని