ప్రశ్నించిన వర్తకుడు బనారసీదాసు

జౌన్‌పూరు పట్టణములో రత్నవ్యాపారము చేయు ఒక శ్రీమాల జైన కుటుంబమున 1586వ సంవత్సరములో బనారసీదాసు జన్మించెను. తండ్రి పేరు ఖరగ్‌సేన్. ఆ ఇంట వరుసగా వచ్చిన వృత్తి వర్తకము. కాని ఈ బాలునకు చదువుపై మక్కువ మిక్కుటము. పదునాలుగవ ఏట నిఘంటువులు, జ్యోతిషము, అలంకారశాస్త్రము పఠింపసాగెను. అధికమైన చదువు బ్రాహ్మణులకును భట్టులకును తగును గాని, వర్తకుని కుమారుడు అంగడిలో కూర్చుండవలెనని పెద్దలు మందలించిరి. ఆయన వినలేదు. శృంగారప్రధానముగా వేయి పద్యముల గ్రంథము నొకదానిని వ్రాసెను.

ఆ వయస్సున ఆయన ఎవరేమి చెప్పినను నమ్మెడివాడు. ఒక మంత్రమును రహస్యముగా ఏడాది జపించినచో ప్రతిదినము వాకిట ఒక బంగారు నాణెము దొరకునని ఒక సన్న్యాసి చెప్పగా, అట్లే జపించెను. ఏడాది గడచినను నాణెము కనబడలేదు. పిదప ఒక యోగి శంఖము నొకదానిని ఇచ్చి, అదియే సదాశివుడని చెప్పగా దానిని పూజింపసాగెను.

1605లో అక్బరు చక్రవర్తి మరణించెనను వార్త జౌన్‌పూరు చేరెను. వర్తకులు భయపడి అంగళ్లు మూసి, సొమ్ము దాచుకొనిరి. మెట్లపై కూర్చున్న బనారసీదాసు ఆ వార్త విని తూలిపడగా తల పగిలి రక్తము కారెను. కోలుకొనిన తరువాత ఆయన మనస్సున ఒక ప్రశ్న పుట్టెను. తాను పడినప్పుడు ఆ శంఖదేవుడు ఏల ఆదుకొనలేదు? ఆనాటితో ఆ పూజ మానెను. కొద్దికాలమునకు తన వేయి పద్యములను గూర్చియు అట్లే ప్రశ్నించుకొనెను. అవి కేవలము కల్పితములని తోచగా, మిత్రులు అయ్యో అనుచుండగనే ఆ గ్రంథమును గోమతీనదిలో విసరివేసెను.

తరువాత నగలు, నేయి, నూనె, బట్టలు తీసికొని ఆగ్రాకు పోయి వ్యాపారము చేసి నష్టపోయెను. ఒక కచోరీల వర్తకుడు నెలల తరబడి అరువుపై ఆహారము పెట్టెను. బనారసీదాసు ఆ బాకీని తరువాత తీర్చెను. ఆ కష్టకాలమున సైతము సాయంకాలములందు పదిమందికి కావ్యములు చదివి వినిపించుట మానలేదు.

1623లో అర్థమల్లు అను మిత్రుడు సమయసారమును, దానిపై రాజమల్లుని వ్యాఖ్యను ఇచ్చెను. సమయసారకర్త కుందకుందాచార్యుని స్వగ్రామము అనంతపురం జిల్లాలోని కొనకొండ్లయని పలువురు పండితులు తలచుచున్నారు. ఆత్మయే సత్యమను ఆ బోధను సగమే గ్రహించి, బనారసీదాసు జపము, సామాయికము, ప్రతిక్రమణము విడిచెను. మిత్రులతో కూడి గదిలో బట్టలు విప్పి, తామే మునులమని ఆటలాడెను. లోకులు నిందించిరి. ప్రశ్న వేయుట ఆయన నేర్చెను గాని, జవాబు దొరకువరకు ఓర్చుట ఇంకను నేర్వలేదు.

ఈ స్థితి పన్నెండేండ్లు సాగెను. 1635లో పండిత రూపచందు ఆగ్రాకు వచ్చి గోమ్మటసారమును వివరించెను. పదునాలుగు గుణస్థానములలో ఏ మెట్టుపై నున్నవాడు ఆ మెట్టునకు తగిన ఆచారమును పాటింపవలెనని తెలిసిన పిదప బనారసీదాసు సందేహము తీరెను. ఏబదవ ఏటికి సమీపించుచుండియు శిష్యునివలె కూర్చుండి వినుటకు ఆయన సిగ్గుపడలేదు. మరుసటి యేడు, 1636లో, ఆయన నాటక సమయసారము పూర్తియయ్యెను. నేటికిని జైనుల ఇండ్లలో అది పఠింపబడుచున్నది.

ఆయనకు కలిగిన తొమ్మండుగురు బిడ్డలును మరణించిరి. భార్యతో ఒంటరిగా మిగిలిన ఏబదియైదవ ఏట, 1641లో, తన జీవితమునే ప్రశ్నించుచు 675 పద్యములలో అర్ధకథానకమును రచించెను. మానవుని ఆయువు నూటపదియేండ్లని యెంచి, తనది సగము కథయని ఆ పేరు పెట్టెను. హిందీలో తొలి ఆత్మకథగా అది ప్రసిద్ధి. అందు తన సుగుణములతో పాటు ధనాశను, ఇతర దోషములను సైతము దాచక చెప్పెను. ఆ పిమ్మట ఆయన బహుకాలము జీవింపలేదు.

రత్నపరీక్షకుడు రాతిని అన్ని వైపుల త్రిప్పి చూచి గాని వెల కట్టడు. బనారసీదాసు తన నమ్మకములను, తన కవిత్వమును, తుదకు తన్నును అట్లే పరీక్షించుకొనెను. అంగడిలో కూర్చున్నవానికిని ఆ పరీక్ష అసాధ్యము కాదని ఆయన చరిత్ర మనకు తెలుపుచున్నది.